గడ్డానికి నాలుగు కారణాలు

భావనారాయణకి పెళ్లయి పది వారాలైంది. ఉద్యోగంలో ప్రొబేషన్ ముగియడానికి ఇంకా ఆరు వారాలుంది. సరిగ్గా ఈ రెండింటి మధ్యా ఒక కత్తి వచ్చి పడింది.

అతను పనిచేసేది రాష్ట్ర నునుపు ప్రమాణాల సంస్థలో. మీరెప్పుడైనా తడి గచ్చు మీద జారకుండా నడిచి ఉంటే అది ఆ సంస్థ చలవే. జారి పడి ఉంటే మాత్రం ఆ గచ్చు సంస్థ తనిఖీకి రాలేదన్నమాట. టైల్సు, బడి నల్లబల్లలు, క్యారంబోర్డులు, పార్కుల్లో జారుడుబల్లలు, రుబ్బురోళ్లు – ఏది ఎంత నున్నగా ఉండాలో, ఏది ఎంత గరుగ్గా ఉండాలో తేల్చి ముద్ర వేయడం వాళ్ల పని. అందుకు నునుపుమాపకం అని ఒక యంత్రం ఉంది. సబ్బుపెట్టెంత ఉంటుంది. కింద సూది, పైన అంకెలు. క్యారంబోర్డుకి రెండు దాటకూడదు. నల్లబల్లకి పదకొండు. నలభై వచ్చిందంటే అది రుబ్బురోలే అయి ఉండాలి.

ఆ సంస్థ డైరెక్టర్ జనరల్ తారకేశ్వరరావు గారు ఏటా ఎండలు ముదిరే ముందు ఏదో ఒక కొండ మీద ఏదో ఒక శిక్షణకి వెళ్లొస్తారు. ముందటేడు వెళ్లొచ్చి, ఉదయం పదింటికి అందరూ లేచి చప్పట్లు కొట్టాలన్నారు. నిరుడు వెళ్లొచ్చి, సమావేశాల్లోంచి కుర్చీలు తీయించేశారు. రెండూ నెల తిరక్కుండా వాటంతటవే సర్దుకున్నాయి. ఈ ఏడు ‘ఏకాగ్ర పరిపాలన’ అనే శిక్షణకి వెళ్లొచ్చారు. ఏం తెచ్చారోనని ఎవరూ కంగారు పడలేదు. అక్కడే పొరపాటు జరిగింది. సోమవారం మధ్యాహ్నం, అందరూ క్యారేజీలు విప్పుకునే వేళకి సర్క్యులర్ వచ్చింది.

‘విషయము: క్షౌర విధాన పరివర్తన. సేఫ్టీ రేజరు మూలమున ఉద్యోగికి తన ముఖముపై తాను దృష్టి నిలుపవలసిన అవసరము లేకుండా పోయినదని గమనించడమైనది. భద్రత కల్పించబడిన చోట జాగ్రత్త క్షీణించును. జాగ్రత్త క్షీణించిన చోట ఫైళ్లు ఆలస్యమగును. కావున వచ్చు సోమవారము నుండి సంస్థయందలి పురుష ఉద్యోగులెల్లరు, డైరెక్టర్ జనరల్‌తో సహా, మడత కత్తితో, స్వహస్తములతో, ప్రతిదినము క్షౌరము చేసుకొని విధులకు హాజరు కావలెను. ముఖముపై గాని, చేతిపై గాని గాయము కనబడినచో అది అజాగ్రత్తకు నిదర్శనముగా పరిగణించబడును.’

మనిషికొక కత్తి ఇచ్చారు. తాతల కాలం నాటి రకం: జానెడు పొడవు, వాడితే పిడిలోంచి బయటికొచ్చి, వాడకపోతే మళ్లీ పిడిలోకి మడుచుకునేది. దాంతోపాటు నూరుకోవడానికి ఒక తోలు పట్టీ, ఒక బ్రష్షు, గీసుకున్నాక రుద్దుకోవడానికి ఒక పటిక ముక్క. నాలుగింటికీ నాలుగు సంతకాలు.

సాయంత్రం ఇంటికి వెళ్లి కత్తి విప్పగానే భావనారాయణ భార్య మంజీర కళ్లు ఇంతింత చేసుకుంది. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన పిల్ల. ప్రపంచంలో మెరిసేవన్నీ తన కోసమే మెరుస్తున్నాయని ఆమె నమ్మకం.

“అబ్బ, ఎంత బావుందో! ఏదీ, ఇటివ్వండి. అద్దంలా ఉంది. నా బొట్టు కనిపిస్తోంది!”

“వేలు పెట్టకు మంజూ.”

“పెట్టను లెండి. కాస్త నవ్వండి, మీ పళ్లు కూడా కనిపిస్తాయేమో చూద్దాం.”

వాళ్లుండేది మేడమీద రెండు గదుల వాటా. కిటికీ ఒకటే. ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం పర్మనెంటయితే సంస్థ క్వార్టర్సులో బాల్కనీ ఉన్న ఇల్లు ఇస్తారు. మంజీర ఇప్పటికే రెండుసార్లు ఆ బాల్కనీ కిందికి వెళ్లి, తలెత్తి, మల్లెకుండీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకుని వచ్చింది. పర్మనెంటు కాకపోతే బాల్కనీ మాట అటుంచి, ఈ ఒక్క కిటికీ కూడా ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసీ రోజూ సాయంత్రం మల్లెకుండీ గురించే మాట్లాడుకుంటారు.

సోమవారం ఉదయం భావనారాయణ నురగ పట్టించి కత్తి అందుకున్నాడు. కుడిచెంప అయిందనిపించాడు. ఎడమచెంపకి వచ్చేసరికి తన చెయ్యే తన అద్దానికి అడ్డం వచ్చింది. చెయ్యి తిప్పితే మోచెయ్యి గోడకి తగిలింది. గడ్డం కిందికి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. ఇరవై నిమిషాల తర్వాత మూడుచోట్ల న్యూస్ పేపరు ముక్కలు అంటించుకుని బయటికి వచ్చాడు.

మంజీర దగ్గరికొచ్చి చదివింది. “ఎడమచెంప మీద ‘అక్కడక్కడ ఉరుములతో కూడిన జల్లులు’ అని ఉందండీ.”

“నవ్వకు. కిందంతా అలాగే ఉండిపోయింది. తనిఖీలో ఏమంటారో!”

“ఏమంటారు? కొత్తగా నేర్చుకుంటున్నానని చెప్పండి. మనుషులే కదా!”

తనిఖీ గేటు దగ్గరే పెట్టారు. టైల్సు పరీక్షించే యంత్రాన్ని బల్లతో సహా బయటికి మోసుకొచ్చారు. అవతల రోడ్డు మీద టైల్సు లారీలు పదకొండు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి డ్రైవర్లు గోడ నీడన కూర్చుని, ఆఫీసర్ల చెంపల మీద సూది నడుస్తుంటే అంకెలు పైకి చదువుతూ కాలక్షేపం చేస్తున్నారు.

బల్ల వెనక సూపరింటెండెంటు అవధానులు గారున్నారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఫారంలో కాలమ్ లేనిది లోకంలో లేదని ఆయన సిద్ధాంతం. ఒకసారి సంస్థ పైకప్పు కారితే, కారుతున్నట్టు రాయడానికి కాలమ్ దొరికేదాకా మూడు వర్షాకాలాలు గొడుగేసుకుని పని చేశారు.

భావనారాయణ గడ్డం కింద సూది పెట్టగానే యంత్రం నలభై ఒకటి చూపించింది.

“రుబ్బురోలు!” అన్నాడొక డ్రైవరు నీడలోంచి.

అవధానులు గారు కొత్త ఫారం తీశారు. ‘నునుపు లోపమునకు కారణము’ అని, కింద నాలుగు కాలమ్స్: దీక్ష, మైల, భార్య గర్భవతి, చర్మవ్యాధి.

“ఏది రాయమంటావు?”

“చేతకాలేదండి.”

“ఆ కాలమ్ లేదు.”

“కొత్త కదండీ, నేర్చుకుంటున్నాను.”

“అదీ లేదు. దీక్షలో ఉన్నావా?”

“లేదండి.”

“ఇంట్లో ఎవరైనా పోయారా?”

“అయ్యో! అంతా కులాసాగా ఉన్నారండి.”

“చర్మం?”

“బాగానే ఉందండి.”

అవధానులు గారు కళ్లజోడు మీదనుంచి చూశారు. గొంతు తగ్గించారు. “కొత్తగా పెళ్లయినవాడివి కదూ? మీ ఇళ్లల్లో ఆ పట్టింపు ఉందా? భార్య కడుపుతో ఉంటే మగవాడు గడ్డం గీసుకోకూడదని?”

“మా బాపట్ల నాయనమ్మకి మహా పట్టింపండి” అన్నాడు భావనారాయణ, అడిగినదానికి నిజాయితీగా.

అవధానులు గారు టిక్కు పెట్టి, పెళ్లయిన వారాలు లెక్కగట్టి, పక్కన నెల గడిలో రెండు వేశారు. “ఆ మాట చెప్పడానికి ఇంత సిగ్గెందుకయ్యా? సంతకం పెట్టు. వెనక నలభైమంది ఉన్నారు.”

వెనక నిజంగానే నలభైమంది ఉన్నారు. గోడ గడియారం పదింటికి ఒక నిమిషం తక్కువ చూపిస్తోంది. భావనారాయణ గడియారాన్ని చూస్తూ సంతకం పెట్టాడు.

తాను తండ్రి కాబోతున్న సంగతి అతనికి పదకొండింటికి తెలిసింది. మహిళా ఉద్యోగుల సంఘం కార్యదర్శి విమలాదేవి గారు వచ్చి, “చిన్నవాడివైనా ఆచారం పాటిస్తున్నావు నాయనా, మా ఆయనకి చెప్పాలి” అంటూ అతని చేతిలో తాపేశ్వరం కాజా పెట్టారు. విషయం అర్థమై, కాజా మింగుడుపడి, నోరు తెరిచి నిజం చెప్పేలోపు డైరెక్టర్ జనరల్ గారి గదిలోంచి పిలుపొచ్చింది.

“భావనారాయణా! సంస్థ నీ గడ్డాన్ని గౌరవిస్తోంది” అన్నారు తారకేశ్వరరావు గారు లేచి నిలబడి. “నునుపు ఎంత ముఖ్యమో, సకారణమైన గరుకుదనం అంత ముఖ్యం. మన సంస్థ మూలసూత్రం అదే కదా!”

“సార్, అసలు విషయం ఏమిటంటే...”

“ఒక్కటి మాత్రం నేను సహించను. అసత్య ప్రకటన. గచ్చు గరుగ్గా ఉందని రాసి, అది నున్నగా ఉంటే ఏమవుతుంది? ఎవరో ఒకరు పడతారు. క్రితం ఏడు ఒక ప్రొబేషనర్ అలాగే రాశాడు. గంటలో ఇంటికి పంపించాను. ఆఁ, ఏమిటంటున్నావు?”

బల్ల మీద ‘ప్రొబేషనర్ల ఖరారు’ అని రాసున్న ఫైలు ఉంది. భావనారాయణ దాన్ని చూశాడు. బాల్కనీ కళ్లముందు మెదిలింది. “ఏం లేదండి. కాజా బావుందండి” అన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మంజీర మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులతో కుర్చీలో కూర్చుని చలివిడి తింటోంది.

“ఏవండీ, మనకి రెండో నెలట కదా! నాతో ఒక్క మాటైనా అనలేదేం?” అని పకపకా నవ్వింది. “విమలాదేవి గారు, ఇంకో ఆరుగురు వచ్చారు. మెట్లు ఎక్కొద్దన్నారు. దిగనూ వద్దన్నారు. మన ఇల్లు మేడమీద కదా, అయితే నేను ఎక్కడుండాలంటే ఎవరూ చెప్పలేదు. చలివిడి తినండి, బావుంది.”

ఆ నవ్వు ఫోన్లు మొదలయ్యేదాకానే ఉంది. విమలాదేవి గారి తోడికోడలిది మంజీర పుట్టింటి వీధే. “ఆఫీసు వాళ్లకి చెప్పి, కన్నతల్లికి చెప్పవుటే?” అని వాళ్లమ్మ ఏడుపు. “ఒరేయ్, ఆ కత్తి నువ్వు ముట్టుకున్నావంటే నామీద ఒట్టే” అని బాపట్ల నుంచి నాయనమ్మ ఆజ్ఞ. ఫోను పెట్టేసి మంజీర గాజులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

“అమ్మకి అబద్ధం చెప్పలేనండీ. నిజం చెబితే అమ్మ ఊరుకోదు, ఊరంతా తెలిసి మీ ఆఫీసుకి చేరుతుంది. చెప్పకపోతే తొమ్మిదో నెల్లో నేనేం పట్టుకొచ్చి చూపించను?”

భావనారాయణ మర్నాడు అవధానులు గారి బల్ల దగ్గర నిలబడ్డాడు. ప్రకటన రద్దు చేసుకునే దారి ఉందేమోనని, ఎవరికో తెలిసినవాళ్ల కోసం అడుగుతున్నట్టు అడిగాడు. దారి ఉంది. మే ఇరవై తొమ్మిదిన సంస్థ బోర్డు ముందు కూర్చుని, స్వహస్తాలతో, మడత కత్తితో, గాయం లేకుండా, యంత్రం మీద ఐదు దాటకుండా గడ్డం గీసుకుని చూపిస్తే, ప్రకటన అసత్యం అవదు, ‘అవసరము తీరినది’ అవుతుంది. అంతవరకూ గడ్డం ముట్టుకోకూడదు. ఎందుకంటే ‘గర్భానుగుణ గడ్డముల పురోగతి రిజిస్టరు’ అని కొత్తగా ఒకటి తెరిచారు. ప్రతి సోమవారం స్కేలు పెట్టి కొలుస్తారు. పొడవు తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నేర్చుకోవాలి. కానీ గీసుకోకుండా నేర్చుకోవాలి. ఇద్దరూ కలిసి ఆఫీసు సందు చివర సింహాద్రి సెలూనుకి వెళ్లారు.

సింహాద్రికి అరవై దాటాయి. ఖాళీ కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మంజీరని చూసి లేచి, రెండో కుర్చీ తువ్వాలుతో రెండుసార్లు తుడిచాడు.

“మీ పెద్దాయన పుణ్యమా అని మీ ఆఫీసు వాళ్లు ఒక్కరూ రావట్లేదు బాబూ. స్వహస్తాలట కదా!”

“ఆ స్వహస్తాలే నాకు రావట్లేదు సింహాద్రీ.”

“ఎవరికొస్తాయి? ఈ కత్తి ఎదుటివాడి గడ్డానికి పుట్టింది బాబూ, సొంత గడ్డానికి కాదు. నలభై ఐదేళ్ల నుంచి ఊరందరికీ గీస్తున్నాను, నా గడ్డం మాత్రం మా తమ్ముడు గీస్తాడు. వాడిది నేను గీస్తాను. వాడు ఊరెళ్లి నాలుగు రోజులైంది, ఇదిగో చూడండి” అని చెంప చూపించాడు. తెల్లగా మొలిచి ఉంది.

అయినా నేర్పడానికి ఒప్పుకున్నాడు. పని నేర్చుకునేవాళ్లు వాళ్లలో మొదట మనిషి జోలికి వెళ్లరట. బెలూను ఊది, నురగ పూసి, దాన్ని గీస్తారట. మంజీర ముఖం వెలిగిపోయింది. పెళ్లి రిసెప్షన్లో మిగిలిపోయిన బెలూన్లు ఇంట్లో ప్యాకెట్టెడున్నాయి.

భావనారాయణ మొదటి సాయంత్రం తొమ్మిది బెలూన్లు పేల్చాడు. రెండో రోజు ఏడు. కింద వాటా ఇంటాయన పైకొచ్చి, పెళ్లి ఇంకా అవలేదా అని అడిగి వెళ్లాడు. మూడో రోజు మంజీర “ఏదీ, నన్ను చూడనివ్వండి” అని కత్తి అందుకుంది. బెలూనుని పసిపిల్ల బుగ్గలా రెండు వేళ్లతో పట్టింది. కత్తి వాలుగా పెట్టి, నురగని పైనుంచి కిందికి, మీగడ తీసినట్టు తీసింది. బెలూను మీద ‘భావనారాయణ వెడ్స్ మంజీర’ అన్న అక్షరాలు తళతళలాడుతూ బయటపడ్డాయి.

“అమ్మాయిగారి చెయ్యి చెప్పినమాట వింటోంది” అన్నాడు సింహాద్రి మర్నాడు. అని, తనే కుర్చీలో కూర్చుని, మెడకి తువ్వాలు చుట్టుకుని, చెంప అప్పగించాడు. వారంలో మంజీర సింహాద్రికి రెండుసార్లు, ఊర్నుంచి వచ్చిన అతని తమ్ముడికి ఒకసారి గడ్డం గీసింది. ఒక్క గీత పడలేదు. భావనారాయణ బెలూన్లు ఊదాడు.

ఈలోగా ఆఫీసులో ఏకాగ్రత పెరుగుతూ పోయింది. రోజూ పదింటికి సామూహిక సాన పెట్టారు. వరండా కిటికీ ఊచలకి తోలు పట్టీలు కట్టి, ఉద్యోగులంతా వరసగా నిలబడి, డైరెక్టర్ జనరల్ గారు అంకెలు చెబుతుంటే నూట ఎనిమిది సార్లు కత్తి అటూ ఇటూ నూరాలి. మహిళా ఉద్యోగులకి కత్తి లేదు కాబట్టి వాళ్లు ఏకాగ్రతగా చూడాలి. టైల్సు లారీలు పదకొండు కాస్తా ఇరవై ఆరయ్యాయి. డ్రైవర్లు పొయ్యిలు పెట్టుకున్నారు.

మే ఇరవై నాలుగున తొంభై మూడో నూరుడు దగ్గర తారకేశ్వరరావు గారి నోట అంకె ఆగిపోయింది. కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, “మిగతావి మీరు మనసులో లెక్కపెట్టుకోండి” అని గదిలోకి వెళ్లిపోయారు. మణికట్టు బెణికింది. చేతి గాయం అజాగ్రత్తకు నిదర్శనమని రాసింది ఆయనే కనుక ఆ ముక్క ఎవరితోనూ అనలేదు. మర్నాడు గడ్డంతో వెనక గేటునుంచి వచ్చారు. ఆ మర్నాడూ అలాగే వచ్చారు.

అవధానులు గారికి రెండు రాత్రులు నిద్ర లేదు. సర్క్యులర్లో ‘డైరెక్టర్ జనరల్‌తో సహా’ అని ఉంది. మూడో రోజు యంత్రం, ఫారం, ముప్పై రెండు ఫైళ్ల కట్ట పట్టుకుని గదిలోకే వెళ్లారు. పురోగతి రిజిస్టరు మీద సంతకం కావాలి కాబట్టి గడ్డంతో సహా భావనారాయణనీ వెంటబెట్టుకెళ్లారు.

డైరెక్టర్ జనరల్ గారు ఫోనులో ఉన్నారు. అవధానులు గారు వినయంగా ఆయన చెంప మీద సూది పెట్టారు. ముప్పై ఎనిమిది.

“కారణం ఏం రాయమంటారు సార్?”

“నీకు తోచింది రాయవయ్యా, చూస్తున్నావుగా, ఫోనులో ఉన్నాను!”

అవధానులు గారు ముప్పై నాలుగేళ్లలో తనకు తోచింది ఎప్పుడూ రాయలేదు. పద్ధతి ప్రకారం వెళ్లారు. దీక్ష? నిన్న క్యాంటీన్లో అయ్యగారు రెండు ఆమ్లెట్లు తిన్నారు. కొట్టేశారు. మైల? మొన్న గుడిలో అర్చన చేయించారు. కొట్టేశారు. చర్మవ్యాధి? ‘ఆదర్శప్రాయమైన చర్మము’ అని సంస్థ డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు, ఆదర్శం కోసం, ఆయన వెనక గోడ మీదే పటం కట్టి ఉంది. కొట్టేశారు. మిగిలింది ఒకటే. నెల గడిలో పాత ఫారం ప్రకారం రెండే వేశారు.

భావనారాయణ ఆ టిక్కు పడటం చూశాడు. “సార్, ఆ మూడో కాలమ్...”

“మధ్యలో మాట్లాడకు!” అన్నారు డైరెక్టర్ జనరల్ గారు, ఎడమచేత్తో ముప్పై రెండు ఫైళ్ల మీదా, ముప్పై మూడో కాగితం మీదా సంతకాలు పెడుతూ.

సాయంత్రం విమలాదేవి గారి నాయకత్వంలో ఏడుగురు మహిళలు బంగళాకి బయల్దేరారు. చలివిడి బుట్ట మోయడానికి, ఇలాంటివాటిలో అనుభవం ఉన్నవాడని, భావనారాయణని తోడు తీసుకెళ్లారు.

తలుపు తీసింది రాజ్యలక్ష్మి గారు. మహిళా కళాశాలలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. జుట్టు నెరిసింది. చంకలో మూడేళ్ల మనవడున్నాడు. విమలాదేవి గారు ఆమె జుట్టుని చూశారు, మనవణ్ణి చూశారు, చేతిలోని ఫారం నకలు చూశారు. ఫారాన్నే నమ్మారు.

“శుభాకాంక్షలండీ” అన్నారు.

రాజ్యలక్ష్మి గారు ఫారం తీసుకుని రెండు వైపులా చదివారు. మనవణ్ణి కిందికి దింపారు. “ఎన్నో నెల అని రాశారు?”

“రెండోదండి.”

“నేను ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పానమ్మా. ఇది సిలబస్‌లో లేదు.” అని, రెండు చేతులూ ముందుకు చాచారు. “సరే, తెచ్చిన గాజులు పాడవడమెందుకు? వెయ్యండి. చలివిడిలో కొబ్బరి వేశారా? ఈ కుర్రాడెవరు, గడ్డం పెంచుకుని, దొంగలా నిలబడ్డాడు?”

ఆ ఒక్క ప్రశ్నకే భావనారాయణ బుట్ట కింద పెట్టి మొత్తం చెప్పేశాడు. రుబ్బురోలు, నాయనమ్మ, గడియారం, అసత్య ప్రకటన, బాల్కనీ, బెలూన్లు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ తన ఉద్యోగం తన నోటితోనే పోగొట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. కానీ ఐదు వారాల తర్వాత నిజం చెబుతుంటే గొంతులో కాజా ఇప్పుడే కిందికి దిగినట్టుంది. విమలాదేవి గారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“అయితే మీ ఆవిడకి కత్తి పట్టడం వచ్చునన్నమాట” అన్నారు రాజ్యలక్ష్మి గారు.

“బాగా వచ్చండి.”

“రేపు పొద్దున్న ఏడింటికి తీసుకురా. మా ఆయన చెయ్యి చపాతీ తుంచడానికి కూడా రావట్లేదు. ఎల్లుండి బోర్డట. ఆ ముఖంతో వెళితే వాళ్లూ గాజులు తెస్తారు.”

మర్నాడు ఏడింటికి బంగళా వరండాలో డైరెక్టర్ జనరల్ గారు మెడకి తువ్వాలుతో కూర్చున్నారు. మంజీర నురగ కలిపింది. రాజ్యలక్ష్మి గారు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులతో, ఎదురుగా కాఫీ పట్టుకుని కూర్చున్నారు. భావనారాయణ వేడినీళ్ల గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

రెండు చెంపలూ అయ్యాయి. మంజీర ఆయన తల వెనక్కి వాల్చి, గడ్డం కింద కత్తి పెట్టింది.

“ఏమండీ, ఈ అబ్బాయిని పర్మనెంటు చేసే కాగితం ఎక్కడుంది?” అన్నారు రాజ్యలక్ష్మి గారు.

డైరెక్టర్ జనరల్ గారు కళ్లు మాత్రం తిప్పారు.

“కదలకండి సార్” అంది మంజీర భక్తిగా.

“అసత్య ప్రకటన అంటారేమో! నాకు రెండో నెల అని సంతకం పెట్టినవాళ్లు ఇంకొకరిని ఆ మాట అనగలరా? అనగలిగితే ఇప్పుడే అనండి.”

గొంతు దగ్గర కత్తి తాపీగా పైకి నడుస్తోంది. కొండ మీద ఏడు రోజులు కూర్చున్నా దొరకని ఏకాగ్రత ఆయన ముఖంలో కనిపించింది.

మంజీర పటిక రుద్ది, తువ్వాలు తీసింది. అలవాటు కొద్దీ భావనారాయణ సంచిలోంచి నునుపుమాపకం తీసి ఆయన చెంప మీద పెట్టాడు. మూడు.

“క్యారంబోర్డు కంటే ఒక్క అంకే ఎక్కువ!” అన్నారు డైరెక్టర్ జనరల్ గారు, ఎడమచేత్తో చెంప తడుముకుంటూ. ఒక్క క్షణం ఆయన అధికారిలా కాక, ఎవరో చిన్నప్పటి మనిషిలా కనిపించారు. “ఎక్కడ శిక్షణ తీసుకున్నావమ్మా?”

“బెలూన్ల మీద సార్.”

ఆయన ఎడమచేత్తోనే కాగితం మీద సంతకం పెట్టారు. వంకరగా ఉన్నా సంతకం సంతకమే.

బోర్డు సమావేశంలో భావనారాయణని గడ్డం గీసుకుని చూపించమని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత సర్క్యులర్ వచ్చింది. ‘ఆశించిన స్థాయికి మించి ఏకాగ్రత సాధించబడినందున కత్తులు తిరిగి జమచేయవలెను. ఇకపై ఉద్యోగులు తమకు తోచిన పరికరముతో, తమకు తోచినవారి హస్తములతో క్షౌరము చేయించుకొనవచ్చును. అయితే ఫారములు ఐదువేలు అచ్చయి యున్నందున తనిఖీ కొనసాగును. అనుభవము దృష్ట్యా మూడవ కాలమ్ తొలగించడమైనది.’ ఐదువేల ఫారాల మీదా ఆ కాలమ్‌ని అవధానులు గారు స్వయంగా, స్కేలు పెట్టి, కొట్టేశారు. లారీలు కదిలాయి.

మంజీర వాళ్లమ్మకి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది. ఆవిడ అరగంట తిట్టి, అరగంట నవ్వింది. జూన్ మొదటి ఆదివారం కొత్త క్వార్టర్సు బాల్కనీలో, మల్లెకుండీ పక్కన కుర్చీ వేసి, మంజీర మొగుడికి మొదటిసారి గడ్డం గీసింది. కత్తి సింహాద్రి ఇచ్చాడు, వాళ్ల నాన్నదట. “మాట్లాడకండి, కదలకండి” అంటూ తనే ఏకధాటిగా మాట్లాడింది. భావనారాయణ కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి, నాలుగో ఆదివారం దాకా.

జూలై మొదటి సోమవారం అతను గడ్డంతో గేటు దగ్గర నిలబడ్డాడు. సూది ముప్పై ఆరు చూపించింది.

అవధానులు గారు ఫారం తీశారు. “నునుపు లోపానికి కారణం?”

భావనారాయణ చెవులదాకా ఎర్రబడ్డాడు. “ఈసారి నిజంగానేనండి. నిన్న డాక్టరుగారు చెప్పారు. మా నాయనమ్మ వెంటనే ఫోను చేసి...”

“ఆ కాలమ్ తీసేశాం కదయ్యా! నీ మూలానే కదూ?” అవధానులు గారు కలం గాల్లో ఆపి, మిగిలిన మూడింటినీ వేలితో తడిమి చూశారు. “చర్మవ్యాధి అని రాసుకోనా?”

“రాసుకోండి.”

“ఎప్పటికి తగ్గుతుందన్నారు?”

“ఫిబ్రవరి మొదటి వారంలో అన్నారండి.”

అవధానులు గారు తేదీ వేసి, సంతకం పెట్టించుకుని, కలానికి మూత పెట్టారు. వెనక క్యూ ఉంది. అయినా కళ్లజోడు తీసి, అతన్ని ఒకసారి పరకాయించి చూశారు. తర్వాత సొరుగులోంచి కాజాల పొట్లం తీసి చేతిలో పెట్టారు.

“ఇది ఏ కాలమ్ కింద ఇస్తున్నారండి?” అన్నాడు భావనారాయణ.

“దీనికి కాలమ్ అక్కర్లేదయ్యా” అన్నారు అవధానులు గారు, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో మొదటిసారి. “అమ్మాయికి పట్టుకెళ్లు.”